చెల్లెలి కొలతకు చేసిన గ్లైడర్

అతను తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. ఇంజిన్ లేకుండా గాలి మీద తేలే గ్లైడర్‌ని సొంతంగా తయారుచేసి, ఎక్కువసేపు గాలిలో ఉండే పోటీలో నెగ్గాలని ఇరవై ఆరో ఏట పట్టుబట్టాడు.

మొదటిది మరీ బరువైపోయింది. జీపుకి తాడు కట్టి లాగితే మైదానమంతా దున్నింది గాని నేల వదల్లేదు. రెండోది ఇంటికప్పు ఎత్తుకు లేచి, రెక్క విరిగి కూలబడింది. మూడు నెలలు చేతికి కట్టుతో తిరిగాడు.

మూడోదాన్ని వీలైనంత సన్నగా చేశాడు. తను బయట నిలబడి ప్లైవుడ్ అతికించాలి కనుక, సీటు కొలతకి పోస్టాఫీసులో పనిచేసే చెల్లెల్ని కూర్చోబెట్టేవాడు. అంతా పూర్తయ్యాక తను ఎక్కబోతే భుజాలు పట్టలేదు.

"ఊపిరి బిగబట్టి చూడు అన్నయ్యా."

"అడ్డొస్తోంది ఊపిరి కాదే, ఎముకలు!"

వెడల్పు చేయాలంటే మొత్తం విప్పాలి. పోటీకి పది రోజులే ఉంది. గ్లైడింగ్ క్లబ్బులో అతనితోపాటు ఆమె కూడా ఎగరడం నేర్చుకుంది కాబట్టి ఆమే వెళ్ళింది.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగిపోతున్నా ఆమె నాలుగు గంటలపాటు గాలిలోనే ఉంది. కింద జనం మెడలెత్తి చూస్తూ, "ఎవరా అమ్మాయి? భలే నడుపుతోందే!" అన్నారు.

"చేసింది నేను" అని రెండుసార్లు అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఆమె ఇక దిగిపోతే బాగుండును అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా ఆ కోరిక పోలేదు.

ఆమె మొదటి స్థానంలో వచ్చింది. ఫోటోకి రమ్మని చెయ్యి పట్టుకు లాగితే, "రెక్కలు తుడవాలి" అని విడిపించుకున్నాడు. వారం రోజులు ముభావంగానే ఉన్నాడు. చివరికి ఆమే వర్క్‌షాపుకొచ్చింది.

"నా మీద కోపమా?"

చిత్రిక పడుతున్నవాడు తలెత్తలేదు. "కోపం కాదు. కుళ్ళు."

"నాకూ నీ మీద ఉండేది," అంది ఆమె. "క్లబ్బులో ఇన్నేళ్ళూ ఒక్కడైనా నన్ను పేరు పెట్టి పిలిచాడా? మేస్త్రి చెల్లెలు, మేస్త్రి చెల్లెలు! ఎంత ఒళ్ళుమండేదో నీకేం తెలుసు?"

అతనికి నిజంగానే తెలియదు. చిత్రిక పక్కన పెట్టి, ఆమెకు స్టూలు జరిపాడు.

రెండేళ్ళకు నాలుగోది తన భుజాలకు సరిపడా చేసుకున్నాడు. అదే పోటీలో అతను ఆరో స్థానం, పాత గ్లైడర్‌తో ఆమె రెండో స్థానం. ఆమె పేరు చదివినప్పుడు అతనూ చప్పట్లు కొట్టాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.