నా కేసెట్టు మీద సన్నాయి మేళం

గోపాలపట్నం బళ్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. డెబ్బైల చివర్లో ఒక ఉదయం హాజరు పిలుస్తూ నాలుగో పేరు దగ్గర ఆగిపోయాను. పేరు మరిచిపోలేదు. పలకడం నా వల్ల కాలేదు. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత భయపడి హెడ్‌మిస్ట్రెస్‌ని పిలుచుకొచ్చారు. అప్పటికే పత్రికల్లో నా కవితలు నాలుగైదు వచ్చాయి. మాటకు లోటులేని మనిషినని పేరు కూడా ఉండేది.

ఈఎన్‌టీకి చూపించారు. "వోకల్ కార్డ్స్ నార్మల్" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క ముక్క నా కొంప ముంచింది. మా ఆయన పోర్టులో గుమాస్తా. ఇంటికి రాగానే, "గొంతు బాగానే ఉందంట గదా, మరి ఈ నాటకాలేటి?" అన్నారు. అత్తగారూ, ఇరుగుపొరుగూ నన్ను మాట్లాడించడమే పనిగా పెట్టుకున్నారు. ఒకావిడ గిల్లి కూడా చూసింది. లోపల ఏముందో చెప్పమంటారు. చెప్పగలిగితే అది జబ్బెందుకవుతుంది?

మానసిక ఆసుపత్రిలో డిప్రెషన్, మ్యూటిజం (మాట పడిపోవడం) అని రాశారు. మాత్రలకు నోరెండిపోయేది, చేతులు వణికేవి. కవిత రాయమని కాగితమిస్తే, రాసిన ఒక్క మాటా నాదనిపించలేదు. ఓపీలో ఉండే చిన్న డాక్టరమ్మ మాత్రం, "మాటలొద్దులెండి. మీ లోపల ఉన్నది ఏ చప్పుడులా ఉంటుందో అది పట్టుకురండి" అంది.

ఓడలో పనిచేసే మా తమ్ముడు సింగపూర్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు ఇంట్లో ఉంది. ఒక కేసెట్టు పెట్టి మొదలుపెట్టాను. నీళ్లు రాకముందు కుళాయిలో గాలి చేసే గురగుర. పోర్టులో ఓడలోకి ఇనుప ఖనిజం పోసే హోరు. భీమిలిలో మా అమ్మ చాటలో బియ్యం చెరిగే చప్పుడు. వాటి మధ్య నా గొంతు: అర్థంలేని అక్షరాలు, మూలుగు, ఊపిరి. నేను కట్టిన కవిత్వమంతటిలో అబద్ధం లేనిది అదొక్కటే. మూడు నెలలకు ఒకవైపు నిండింది. డాక్టరమ్మ కళ్లు మూసుకుని అంతా వింది. ఆ కుళాయి ఇంకోసారి వేయమంది. "ఇదిగో" అన్నాను. ఏడాదిలో అది నా మొదటి మాట.

తర్వాతి వారం ఆడపడుచు పెళ్లి. నేను పందిట్లో పనుల్లో ఉండగా మా ఆయన ఆ కేసెట్టు మీదే మేళం రికార్డు చేశారు. నేను వేసుకుని చూస్తే మొదటి నుంచీ చివరిదాకా సన్నాయే. అడగబోతే మాట రాలేదు. కేసెట్టు చూపించాను.

"కాలీదనుకున్నాను. ఐనా ఏటుందందులో, గురగురలేగదా" అన్నారు.

తిట్టినట్టు కాదు, నిజంగానే తెలియక అన్నారు. అదే నాకు ఎక్కువ మండింది.

మళ్లీ మంచమెక్కాను. తిండి మానేశాను. ఈసారి అడ్మిట్ చేసి ఆరు ఈసీటీలు, అంటే తలకు కరెంటు షాకులు, ఇచ్చారు. "గుడ్ రెస్పాన్స్" అన్నారు పెద్ద డాక్టరు. మాటైతే వచ్చింది. ఆ చప్పుళ్లలో సగం మాత్రం జ్ఞాపకంలోంచి కూడా పోయాయి. చిన్న డాక్టరమ్మకు ఈలోగా బదిలీ అయింది. నా కేసెట్టు విన్న మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు.

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుని బడికి వెళుతున్నాను. కూరలో ఉప్పు తగ్గిందనీ, కిరసనాయిలు అయిపోయిందనీ మాట్లాడుతున్నాను కాబట్టి ఇంట్లోవాళ్ల లెక్కలో నాకు నయమైపోయింది. చుట్టాలొస్తే మా ఆయన ఆ పెళ్లి మేళం వేస్తారు. నేను కాఫీలిస్తూ వింటాను. కొత్త కేసెట్టు ఒకటి చేసుకుంటున్నాను. అది ఎవరికీ వినిపించలేదు.

మీ ఇంట్లో మాట పడిపోయినవాళ్లు ఏదైనా చప్పుడు పట్టుకుంటుంటే ఒక పని చేయండి. కేసెట్టు వెనక అంచున, ఈ చివరా ఆ చివరా, గోరంత ప్లాస్టిక్ ముక్కలు రెండుంటాయి. రికార్డయిన వెంటనే అవి విరిచేయండి. ఇక రికార్డు మీట నొక్కినా దిగదు. ద్వారకా నగర్‌లో కేసెట్లమ్మే సాయిబుగారు ఈ సంగతి చెప్పేసరికి ఆడపడుచు పెళ్లయి రెండేళ్లయింది.