గేటు వేశాకే నంబరు

పాత రైలు గేటు గది తలుపు తీయగానే కిరసనాయిలు, తుప్పు కలిసిన వాసన ముఖాన కొట్టింది. ఎమ్మిగనూరు బడి పిల్లలు నా వెనకే ఉన్నారు. వాళ్ల ఊరికి రైలు లేదు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఆదోని దగ్గర రాతితో కట్టిన ఈ గదిని చూపించడానికి పంతులమ్మ తీసుకొచ్చింది. వంతెన కట్టాక గేటు తీసేశారు. ఇక్కడ పనిచేసినదానివి, నాలుగు మాటలు చెప్పమని నన్నూ పిలిచింది. చెబితే ఖాదర్ మేస్త్రి గురించే చెప్పాలి. ఆయన గురించి చెబితే నా తప్పూ చెప్పాలి. అది నా కూతురికి కూడా తెలియదు.

మా ఆయన పట్టాల పనిలో ఉండగానే జ్వరంతో పోయాడు. ఆ ఉద్యోగం నాకిచ్చి ఈ గేటు దగ్గర పెట్టారు. నాకు సంతకం తప్ప ఏమీ రాదు. పట్టాలు చూసుకునే కూలీలకు మేస్త్రి ఖాదర్. ఈ గోడ మీదే బొగ్గుతో నాచేత అంకెలు దిద్దించాడు. స్టేషన్ నుంచి ఫోనొస్తే ముందు గేటు వేయాలి, తాళం పెట్టాలి, ఆ తర్వాతే, గేటు పడిందనడానికి గుర్తుగా, స్టేషన్ వాళ్లిచ్చిన కాగితంలో ఉన్న నంబరు ఫోనులో చదవాలి. అది విన్నాకే వాళ్లు రైలును వదులుతారు. నేను తడబడితే, బియ్యంలో రాళ్లు ఏరేదానివి, పది అంకెలు ఏరలేవా అని నవ్వేవాడు.

పత్తి కాలంలో బండ్లవాళ్లతో చాలా కష్టం. గేటు వేస్తే చాలు, “రైలు యాడుందమ్మా, కొంగులో దాచినావా?” అనేవాళ్లు. వాళ్ల నోటికి భయపడి, ఒకరోజు దారి ఖాళీగానే ఉంది కదా అని ముందు నంబరు చెప్పేశాను. బయటికొచ్చేసరికి పెద్దకడుబూరు పత్తిబండి పట్టాల మీదుంది. చక్రం ఇరుక్కుంది. అటుగా వస్తున్న మేస్త్రి పరుగెత్తుకొచ్చి భుజం పెట్టాడు. బండివాడితో కలిసి ముగ్గురం నెడితే బండి దాటింది. గేటు వేసి తాళం తిప్పుతుంటే దూరంగా కూత వినిపించింది.

బండివాడు తన దారిన పోయాడు. నేను ముందే నంబరు చెప్పేసిన సంగతి మేస్త్రి ఒక్కడికే అర్థమైంది. నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. “ఎవురికీ సెప్పొద్దన్నా. ఇంట్లో పసిబిడ్డ ఉండాది.”

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. “నేను సెప్పనమ్మా. నువ్వే సెప్పాల. ఈ పొద్దు దాచుకుంటే, ఇంకో దినం ఇట్లే సేస్తావు.”

ఆ క్షణం ఆయన మీద అసహ్యమేసింది. పని దిగాక స్టేషన్ దాకా నాతోనే నడిచాడు. నేను లోపల చెబుతుంటే బయట నిలబడ్డాడు. నన్ను గేటు నుంచి తీసేసి, ఆయన కిందే కంకర మోయడానికి వేశారు. నేనెందుకొచ్చానని కూలీలు ఎంత అడిగినా ఆయన చెప్పలేదు. మళ్లీ గేటు ఇచ్చిన రోజు నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. ఇప్పుడాయన లేడు.

పిల్లలకు అంతా చెప్పాను. పంతులమ్మ ముఖం మారిపోయింది. రెండు జడల పిల్ల ఒకతి, “అవ్వా, ఇప్పుడు బయం పోయిందా?” అని అడిగింది. పోలేదన్నాను. ఊళ్లోవాళ్ల నోటి నుంచి వినకముందే, ఆ సాయంత్రం కూతురికి కూడా నేనే ఫోను చేసి చెప్పాను. అది అంతా విని, మందులు వేసుకున్నావా అమ్మా అంది. మాత్ర చేతిలోనే ఉంది. ఉండమని చెప్పి, మింగి, నీళ్లు తాగి, అప్పుడు అవునన్నాను.