గీత అవతల పడిన బంతి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నమ్మకం పండుగ బట్టల్లాంటిది, ఎప్పుడో కాని బయటికి తీసేవాళ్ళు కాదు. మాది మదనపల్లె. నాన్నకు టమాటా మండీ ఉండేది. బుట్టలో పైవరుస చూసి మురిసిపోవద్దు, చెయ్యి పెట్టి అడుగున చూడమనేది ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం. నేను దాన్ని కాస్త ఎక్కువగానే వంటపట్టించుకున్నాను. పాలు పోసే ఆమె చెంబునూ, బడిలో పక్కన కూర్చున్న పిల్ల నవ్వునూ ఒకే కంటితో చూసేదాన్ని. అనుమానం పెనుభూతమని మా అవ్వ తిట్టేది. ఆమె మాత్రం బీరువా తాళంచెవిని కొంగు ముడిలోనుంచి తీసేది కాదు.

మా మేనత్త మా బడిలో ఆటల టీచరు. కుప్పంలో కొన్నేళ్ళు పనిచేసి మా ఊరికి బదిలీ అయి వచ్చింది. బడి వెనక పాడుపడిన మట్టి కోర్టును బాగుచేయించి, మా ఆడపిల్లలకు టెన్నిస్ నేర్పింది. ఆ ఏడు చిత్తూరు పోటీల్లో సింగిల్స్ ఆడడానికి ఒక్కరినే పంపాలి. వడపోతలో ఇద్దరం మిగిలాం. ఒకరు నేను, రెండోది పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పట్టుగూళ్ళ వ్యాపారి కూతురు. ఆ చిత్తూరు ప్రయాణం నాకు కావాలి. అంతవరకు నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

చిక్కల్లా ఆ ఆట పద్ధతిలోనే ఉంది. మాకు అంపైరు ఎవరూ లేరు. బంతి ఎవరి వైపు పడితే, అది లోపలో బయటో వాళ్ళే చెప్పాలి. గీతకు కొసన తగిలినా అది మంచి బంతే. సరిగ్గా కనబడకపోతే అవతలివాళ్ళకే ఇచ్చెయ్యాలి. మేనత్త ఇవన్నీ చెప్పినప్పుడు, ఇదేదో దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టుందే అనుకున్నాను. దానికి తోడు, పుంగనూరు అమ్మాయి గీత మీద పడిన బంతిని కూడా బయటే అంటుందని నా స్నేహితురాలు చెవిలో ఊదింది.

మా ఇద్దరి పోటీ రోజు నేను వెళ్ళేసరికి మేనత్త కోర్టంతా నీళ్ళు చల్లి, తడి గోనెసంచి ఈడ్చి చదును చేస్తూ ఉంది. గీతలకు కొత్తగా సున్నం పోసింది. రోజూ ఇంత తడిపేది కాదు. నేల మెత్తబడితే నా బంతికి వేగం తగ్గుతుంది కదా, ఈమె కూడా ఆ పిల్ల పక్షమేనా అని నాకు సందేహం. సొంత మేనత్తను కూడా వదల్లేదు నేను.

మొదటి గేములోనే నేను మూలకు కొట్టిన బంతిని ఆ అమ్మాయి వేలెత్తి అవుట్ అంది. నా ఒళ్ళు మండిపోయింది. అది గీత మీద పడడం నేను చూశాను, చూశాననే అనుకున్నాను. రాకెట్టు పట్టుకుని నెట్టు చుట్టూ తిరిగి ఆ వైపుకు బయలుదేరాను. మేనత్త అడ్డం వచ్చింది.

"ఆ పక్క పడిన బంతికి ఆ పక్క ఉండేవాళ్ళదే మాట. నువ్వు పోగూడదు. ఆట కానీ, కొంచేపుంటే నువ్వే ఆడికి పోతావులే," అంది.

ఆమె అన్నది ఆ గేము అయిపోయాక అర్థమైంది. మొదటి గేము తరువాత, మూడో గేము తరువాత, అలా బేసి గేములప్పుడల్లా ఇద్దరూ వైపులు మారాలి. నేను ఆ వైపుకు పోగానే బూటు లేసు కట్టుకునే సాకుతో వంగి చూశాను. తడి మట్టిలో బంతి గుర్తు అచ్చు పోసినట్టు కనబడింది. సున్నం గీతకు జానెడు బయట ఉంది.

అది బుట్టలో పైవరుస కదా, అడుగున చూడొద్దా అనుకుని ఇంకా వెతికాను. పక్క గీత దగ్గర ఇంకో గుర్తు కనబడింది. అదీ నా బంతే, అదీ గీతకు రెండు వేళ్ళు బయటే. దాన్ని ఆ అమ్మాయి అందుకోలేక, మంచి బంతేనని పాయింటు నాకిచ్చింది. అయినా నా బుద్ధి ఊరుకోలేదు. ముందు చిన్నది వదిలి, తరువాత పెద్దది కాజేసే ఎత్తేమో అనుకున్నాను. వైపు మారిన ప్రతిసారీ నా లేసు ఊడుతూనే వచ్చింది. ఒక్క దొంగ మాటా దొరకలేదు. అలా వంగి ఉన్నప్పుడే ఒకసారి తలెత్తి చూస్తే, ఆ అమ్మాయి నా వైపుకు వెళ్ళి జడ బిగించుకుంటూ ఉంది. నేల వంక కన్నెత్తి చూడలేదు. నాకు ఎక్కడలేని సిగ్గు వేసింది.

ఆట సాగి సాగి ఆఖరుకు వచ్చింది. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు ఆమెది. పాయింటు నాకు వస్తే మళ్ళీ సమానం. ఆమె గట్టిగా కొట్టిన బంతి నన్ను దాటి వెనక గీత దగ్గర పడింది. నేను తిరిగేసరికి దుమ్ము లేచింది. ఎండకు నేల ఎప్పుడో ఆరిపోయింది, గుర్తు కూడా పడలేదు. అవుట్ అంటే అడిగేవాళ్ళు లేరు. మేనత్త వైపు చూశాను. ఆమె కొళాయి వైపు తిరిగి కాళ్ళు కడుక్కుంటూ ఉంది.

"నాకు కనబడలేదు. నీదే," అన్నాను. చిత్తూరు పోయింది.

నెట్టు దగ్గర చెయ్యి కలపడానికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి నా చెయ్యి వదలకుండా మెల్లగా అంది.

"నువ్వు లేసు కట్టుకుంటా గుర్తులు సూస్తాండేది నాకు తెల్సు. సూస్తేనన్నా నమ్ముతావని గమ్మునుండా."

ఇంటికి నడుస్తుంటే మేనత్త, నీ అనుమానం తీరాలనే నేలను అంత తడిపానని చెప్పింది. ఆరిపోయాక మాత్రం నీకు నువ్వే దిక్కు అనుకున్నానంది. మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. దారిలో బొరుగులు కొనిపెట్టింది.

ఇప్పటికీ టమాటాలు కొంటే చెయ్యి అడుగుదాకా పోతుంది, ఆ గుణం పోలేదు. మనుషుల దగ్గర మాత్రం, అవుట్ అనే ముందు వాళ్ళ వైపుకు పోయి ఒకసారి నిలబడి చూస్తాను. ఈమధ్య నాకు చూపు బాగా తగ్గింది. కోడలు ఏ మాట ఎందుకన్నదో, పక్కింటామె ఎందుకు పలకరించలేదో, సరిగ్గా కనబడనివే ఎక్కువ. ఆట పద్ధతి ప్రకారం అవన్నీ వాళ్ళవే.