ఉల్లిగడ్డ సంచిలో పసుపు చిప్పలు

రుక్కి చేతికి చిక్కితే చొక్కా గుండీకి కూడా విడుదల లేదు, అదీ లంగా మీదికి ఎక్కాల్సిందే. పాలకుర్తి దగ్గరి తండాలో అద్దాలు, గవ్వలు కుట్టడం ఇప్పటికీ బాగా తెలిసిన మనిషి ఆమే. అరవై దాటినా సూదిలో దారం ఎక్కించడానికి ఎవరినీ పిలవదు. పిలిస్తే పరువు పోతుందనుకుంటుంది.

రెండేళ్ల కింద పెద్ద కాలువలో బట్టలు ఉతుకుతుంటే ఇసుకలో గోరంత ఆల్చిప్పలు కనిపించాయి. పసుపుపచ్చగా, సన్నని గీతలతో ముచ్చటగా ఉన్నాయి. కాలువ నీళ్లు రాకముందు ఆ పక్కల ఎవరూ వాటిని చూడలేదు. చచ్చి ఎండినవి తెల్లబడతాయి. బతికున్నవాటిని అప్పటికప్పుడు ఉడకబెట్టి కుడితేనే రంగు నిలుస్తుంది. ఈ సంగతి రుక్కి రెండు రవికలు పాడుచేసి తెలుసుకుంది. అందుకే చిప్పలను ఉల్లిగడ్డ సంచిలో పోసి మిరప చేను బావిలో వేలాడదీసింది. కావలసినప్పుడు పైకి లాక్కోవచ్చు. ఆ తెలివికి నేనైతే దండం పెట్టేవాణ్ని. సంచి కన్నాల్లోంచి ఇసుక రవ్వంత ఉండే వాటి పిల్లలు జారిపోతాయని ఎవరికి తోస్తుంది?

మొన్న చలికాలం మిరప కాత మీద ఉండగా మోటరు ఊరికే మొత్తుకుంది, నీళ్లు రాలేదు. కొడుకు సురేందర్ బావిలోకి దిగి పైపు పైకి తీశాడు. పైపు మూతికున్న జాలి నిండా చిప్పలే.

"గివన్నీ బాయిల ఎవలేసిన్రు యాడీ?"

"నేనే ఏసిన," అంది తల్లి, తల దించుకుని.

బావి పూడిక తీసి నీళ్లు పెట్టేసరికి పై సాళ్లు వాడిపోయాయి. రుక్కికి ఇంకో భయం పట్టుకుంది. పోయిన తీజ్ పండుగకు చెల్లెలు తారికి డబ్బా నిండా బతికున్న చిప్పలు ఇచ్చి, బావిలో వేసుకొమ్మని పంపింది. తారిది చిట్యాల దగ్గరి తండా. మొగుడు లేడు, ఉన్నదల్లా మిరప చేను, దానికో బావి.

రుక్కి అన్నం కూడా తినకుండా బస్సెక్కింది. తారి చెంబుతో నీళ్లు తెచ్చేలోపే అడిగింది.

"చిప్పలు బాయిలనే ఉన్నయానే?"

"బాయిల ఎందుకేస్తనక్కా?" తారి నవ్వింది. "గట్ల ఏస్తే నా ఒక్కదానికే అయితయి. మన ఆడోళ్లందరికీ ఉండాలెనని వాగుల ఇడిసిన. ఎంత మంచిగ పెరిగినయో సూపెడత, దా."

చెల్లెలి బావికి ఏమీ కాలేదు. కానీ కింది ఊళ్ల మోటర్లన్నీ ఆ వాగు మీదే ఉన్నాయి.

"బాయైతే కడిగినం," అంది రుక్కి. "వాగునెట్ల కడుగుతమే తారీ?"