గోడ అవతలి ఫ్రెంచి పాట

పాపకు జ్వరం తగ్గింది. అయినా కూర్చోబుద్ధి కాక, భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూనే ఉన్నాను. ఫోన్లో ఏదో ఫ్రెంచి పాట మొదలైంది. ఒక గిటారు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు పాడే మగగొంతు.

చిన్నప్పుడు గల్ఫ్‌లో, సహం అనే ఊళ్లో మా పక్కింటి ట్యునీషియా టీచర్ ఇలాంటి పాటలే పెట్టేది. గోడ అవతల పాట మొదలైతే అమ్మ చేపలు కడగడం ఆపి నిలబడిపోయేది. ఆ కాసేపూ నామీద విసుక్కునేది కాదు.

"ఏమంటున్నాడమ్మా?"

"ఎక్కడికైనా వెళ్లిపోవాలనుందట. ఎక్కడికో తెలీట్లేదట."

అమ్మకి ఆ భాష వచ్చనుకున్నాను. ఆ పాడే ఆయన వెళ్లిపోతే పాటా పోతుందని భయమేసి, పక్కింటి తలుపు కొట్టాను.

"అంకుల్‌కి వెళ్లొద్దని చెప్పండి ఆంటీ," అన్నాను, వచ్చీరాని స్కూలు ఇంగ్లీషులో.

ఆవిడ నవ్వి టేప్‌రికార్డర్ చూపించింది. అతను పాడేది కిటికీ మీద పడే వాన గురించట.

పరిగెత్తుకొచ్చి అమ్మకి చెప్పాను. "ఆయనెక్కడికీ వెళ్లడటమ్మా."

"పోన్లే," అంటూ అమ్మ చేపల గిన్నె దగ్గరికి లాక్కుంది.

ఎవరూ వెళ్లిపోవడం లేదని ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను. మరి వెళ్లిపోవాలనున్నది ఎవరికో, నేను అమ్మనయ్యేదాకా నాకు తోచలేదు.