పరుపు గెలవాల్సిన రోజు

మా తమ్ముడు పదకొండేళ్ళపాటు ఓడిపోవడమే ఉద్యోగంగా చేశాడు. ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో కుస్తీల కార్యక్రమం వచ్చేది. అందులో ఎవడో ఒకడు వీణ్ణి ఎత్తి కుదేసేవాడు. వీడు వెల్లకిలా పడి కళ్ళు తేలేసేవాడు. రిఫరీ నేల చరుస్తూ మూడు లెక్కపెట్టేవాడు. అంతటితో వీడి పని అయిపోయేది. ఎప్పుడు చూసినా ఇంకొకడి కిందే ఉంటాడని జనం వీడికి పరుపు అని పేరు పెట్టారు. బజారుకి వెళ్ళినా బస్సెక్కినా అదే పిలుపు. వాడు పళ్ళికిలించేవాడు. ఒళ్ళు మండేది నాకు.

"నవ్వుతావేంట్రా సిగ్గులేకుండా?" అంటే, "అసలు పేరే లేనివాడికంటే నయం కదక్కా" అనేవాడు.

ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ఆ కుస్తీలు నడిపించే ఓనరుగారు ముందే చెప్పేసేవారన్న సంగతి ఇవాళ చంటిపిల్లలకి కూడా తెలుసు. అప్పట్లో అది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడని గుట్టు. నాకు తెలిసిందంటే, నేను వాళ్ళకి బట్టలు కుట్టేదాన్ని కాబట్టి. చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది కానీ కుట్టుమిషను ఏనాడూ ఆగలేదు. నూట ఇరవై కిలోల మనిషి కాళ్ళు బార్లా చాపి దూకినా చిరగని లాగు కుట్టడం ఎంతమంది పట్టాలున్నవాళ్ళకి చేతనవుతుందో చెప్పమనండి.

ఓడిపోవడం తేలికనుకుంటారు. పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించాలి, లేకపోతే బుర్ర పగులుతుంది. రెండు అరచేతులూ ఒక్కసారే నేలకి చరచాలి, చప్పుడు వాటిది కావాలి గానీ వీపుది కాకూడదు. పిడుగు అని ఒకడుండేవాడు, గోడలన్నిటి మీదా వాడి బొమ్మలే. వాడు మావాణ్ణి నెత్తి మీదికెత్తి గిరగిరా తిప్పుతుంటే జనం వెర్రెత్తిపోయేవాళ్ళు. వాడికి నడుం నొప్పి, నిండు బకెట్టు కూడా ఎత్తలేడు. ఎగిరేది మావాడు, పేరు పిడుగుది.

ముప్పై ఒక్కేళ్ళ కిందట ఆ పిడుగుకి నడుం ఆపరేషనని డాక్టర్లు తేల్చారు. రెండు నెలలు కనపడకుండా పోవాలంటే ఒకసారి ఎవరి చేతిలోనన్నా ఓడిపోవాలి కదా. "పదకొండేళ్ళుగా పడుతున్నాడు, ఆ ఒక్క గెలుపూ వాడికే ఇద్దాం" అన్నారు ఓనరుగారు. ఆ మాట నా ముందే అన్నారు. నేను రెండు రాత్రులు కూర్చుని మావాడికి ఆకుపచ్చ పట్టుగుడ్డతో కొత్త లాగూ చొక్కా కుట్టాను.

వాడేమో ఆ పొద్దున ఆత్రం పట్టలేక పన్నెండేళ్ళ కూతురి చెవిలో ఊదేశాడు, "ఇవాళ నేనే గెలుస్తానే, ఎవరికీ చెప్పకు" అని. అది నలుగురు స్నేహితురాళ్ళకి చెప్పి, నలుగుర్నీ వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. వాడు ఓడిపోయాడు. పిల్లలు నలుగురూ దాన్ని ఇంటిదాకా ఏడిపించారు.

"అబద్ధం చెప్పావు కదూ?" అని అది ఏడిస్తే, మావాడు నీళ్ళు నమిలి, "లేదమ్మా, ఆఖరి నిమిషంలో ఓనరు మార్చేశాడు" అన్నాడు.

అసలు సంగతి అది కాదు. తెర సందులోంచి నేను కళ్ళారా చూశాను. పిడుగు మోచెయ్యి ఎత్తి పరిగెత్తుకొస్తే మావాడు వంగి తప్పుకోవాలి. పిడుగు పోయి మూల స్తంభానికి గుద్దుకుని పడితే మావాడు వాడి మీద పడుకోవాలి. అదీ ఒప్పందం. కానీ పదకొండేళ్ళుగా ఆ మోచెయ్యి లేచిందంటే వీడు పడాలి. ఆ రోజూ చెయ్యి లేచింది, వీడి ఒళ్ళు మనసునడక్కుండా పడిపోయింది. పడ్డవాడు అలవాటుకొద్దీ నాలిక బయటపెట్టి చచ్చిన చేపలా కదలకుండా ఉండిపోయాడు. గెలవడం మర్చిపోయాడు! నా పక్కన నిలబడ్డ ఓనరుగారు "అయ్యో, పడ్డాడు!" అని నుదురు కొట్టుకున్నారు.

ఆ సాయంత్రం తమ్ముడు నా కాళ్ళ దగ్గర కూర్చుని, "పిల్లకి చెప్పకక్కా" అన్నాడు. నేను సరేనన్నాను. తన నాన్న పిచ్చివాడనుకోవడం కంటే తన నాన్నకి అన్యాయం జరిగిందనుకోవడం నయమనుకున్నాను. పిల్లలు మర్చిపోతారనుకున్నాను. నాకేం తెలుసు, అది పెరిగి కోర్టులో గుమాస్తా అవుతుందనీ, వాయిదాల మీద వాయిదాలు పడ్డ కేసులా దీన్ని మోస్తుందనీ? ఓనరు ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేది. దాని పెళ్ళికి అందర్నీ పిలిచాం, ఆయన్ని తప్ప. పాత వస్తాదులంతా ఏడాదికోసారి కలుసుకుంటే మావాడికి కబురు వచ్చేది. "ఆ మనిషి మొహం చూస్తే నా మీద ఒట్టే" అనేది కూతురు. వీడు తలొంచుకుని ఇంట్లో కూర్చునేవాడు. అన్నేళ్ళు కలిసి పడి లేచినవాళ్ళు, వాళ్ళని ఒక్కసారి చూడాలని వాడి ప్రాణం ఎంత కొట్టుకునేదో నాకు తెలుసు. మరదలు పోయాక వాడు నా దగ్గరే ఉంటున్నాడు మరి.

మొన్న మళ్ళీ కబురొచ్చింది. శుక్రవారం అందరూ కలిసి ఫోటో దిగుతున్నారట. ఆ వారంలోనే మా మేనకోడలు వెలిగిపోతున్న మొహంతో వచ్చింది. ఎవరో ఆ పాత కార్యక్రమాన్ని ఇంటర్నెట్టులో పెట్టారట, ఆ రోజుది మొత్తం ఉందట.

"ఇవాళ ఆ ఓనరు చేసిన ద్రోహం కళ్ళారా చూద్దాం నాన్నా. సాక్ష్యం దొరికింది" అంటూ టీవీకి తీగ తగిలించింది.

తమ్ముడు లేవబోయాడు. "ఇప్పుడెందుకమ్మా, తలనొప్పిగా ఉంది" అన్నాడు.

"నువ్వు కళ్ళు మూసుకో, నేను చూస్తా" అంది.

చూశాం. అప్పట్లో ఊరంతా ఊపిరి బిగబట్టి చూసిన షో ఇంత నాసిగా ఉంటుందనుకోలేదు. ఉన్నవి రెండే కెమెరాలు, అందులో ఒకటి ఎప్పుడూ వీపులే చూపిస్తుంది. ఒక బట్టతలాయన చప్పట్లు కొడుతున్న బొమ్మనే ప్రతి కుస్తీలోనూ వేశారు. వ్యాఖ్యాత ప్రతిదానికీ "చరిత్రలో ఎన్నడూ జరగనిది!" అని గొంతు చించుకున్నాడు. చరిత్ర వారం వారం జరుగుతుందా? ఇద్దరు ఆడవాళ్ళ కుస్తీ ఉంది. మగవాళ్ళందరికంటే వాళ్ళకే పని బాగా వచ్చు. వాళ్ళకి నాలుగు నిమిషాలిచ్చి జుట్లు పీక్కోమన్నారు. పక్కవీధి మెకానిక్కుకి మీసాలు దిద్ది పరదేశి అన్నారు, జనం వాడి మీద ఉమ్మారు. ఆ ఉమ్మిన బట్టలు ఉతికిందాన్ని నేను. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు చూస్తే నవ్వు రాలేదు. వాడి పిల్లలు కూడా చూసే ఉంటారు కదా.

తరవాత ఆకుపచ్చ బట్టల్లో మావాడు వచ్చాడు. అంత బక్కగా, అంత కుర్రాడిలా ఉన్నాడు! పది నిమిషాలు వాడే ఎగిరీ పడీ ఆ పిడుగుని మోశాడు. చివరికి పిడుగు మోచెయ్యి ఎత్తి పరిగెత్తుకొచ్చాడు. వీడు పడ్డాడు. ఎంత అందంగా పడ్డాడనుకున్నారు!

రిఫరీ వంగి నేల చరిచాడు. ఒకటి. ఆగాడు. రెండు. చెయ్యి పైకెత్తి మళ్ళీ ఆగాడు. పెదాలు కదులుతున్నాయి.

మేనకోడలు బొమ్మ ఆపింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. టీవీ దగ్గరికి జరిగి ఇంకోసారి చూసింది.

"ఇంత మెల్లగా లెక్కపెడుతున్నాడేంటి? ఆ పిడుగు నిన్ను చూసి బిత్తరపోయాడేంటి? గెలిచినవాడు అలా ఉంటాడా? ఆ రిఫరీ ఏమంటున్నాడు నాన్నా?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను టీవీ వైపు తిరిగాను. అది వాడే చెప్పాలి.

"లే అంటున్నాడు. లేరా వెధవా, లే, అంటున్నాడు."

"మరి లేవలేదేం?"

"మర్చిపోయానమ్మా."

"ఏం మర్చిపోయావు?"

"గెలవాలని. ఓనరు ఏమీ మార్చలేదు. ఆయన గెలవమనే చెప్పాడు. నేనే అలవాటుగా పడిపోయాను. నీ మొహం చూసి చెప్పలేక ఆయన మీదికి నెట్టాను."

అది నావైపు తిరిగింది. "నీకు తెలుసా అత్తా?"

"తెలుసు."

"ముప్పై ఏళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట ఇద్దరూ! ఆ ముసలాయన్ని నేను ఎన్ని మాటలన్నాను! ఎన్నిసార్లు మొహం తిప్పుకున్నాను!"

"అమ్మా..."

"నాతో మాట్లాడకు. లే, చెప్పులేసుకో. నాకు కాదు, ఆయనకి చెప్పు. నా ముందర చెప్పు."

ముగ్గురం బయల్దేరాం. నన్ను రమ్మనలేదు, అయినా వెళ్ళాను. ఓనరుగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. కొడుకు టైర్ల కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూంటారు. ఒక చెవి పూర్తిగా పోయింది. మేనకోడలు ఆయన ముందు ఎన్నడూ లేనిది చేతులు కట్టుకుని నిలబడేసరికి ఆయన కంగారుగా లేవబోయారు.

తమ్ముడు గొణిగాడు, "ఓనరుగారూ, నేను ఆ రోజు..."

"ఈ చెవికి రావయ్యా, అది చచ్చిపోయింది."

రెండో చెవి దగ్గర కూడా వాడి గొంతు లేవలేదు. మూడోసారి అరిచాడు. "ఆ రోజు నేనే పొరపాటున పడిపోయాను! మీరు ఓడించారని మా అమ్మాయికి అబద్ధం చెప్పాను!"

టైరు బిగిస్తున్న పనివాళ్ళు, మోటారుసైకిలు తెచ్చిన గిరాకీ, అందరూ పని ఆపి చూశారు. ఓనరుగారు తాపీగా తలూపారు.

"తెలుసు. మర్నాడే వచ్చింది నా ఆఫీసుకి, జడలూపుకుంటూ. మా నాన్ననెందుకు ఓడించారని బల్ల గుద్దింది. నా షో, నా ఇష్టం, పో అన్నాను."

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి మావాడికీ కొత్తే, నాకూ కొత్తే.

"ఎప్పుడూ చెప్పలేదేం సార్ నాకు?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు చెప్పావా నాకు?"

"మీరెందుకు పడ్డారండీ ఆ మాట?" అంది మేనకోడలు. ఏడుస్తోంది.

"మాటలు పడటం ఓనరు పనమ్మా. ఉన్నదున్నట్టు చెబితే నీకేం మిగిలేది? నాలుగేళ్ళు పోయాక వీడే చెబుతాడులే అనుకున్నాను. వీడికి పడటం తప్ప ఇంకేదీ చేతకాదనుకున్నాను గానీ, అబద్ధాన్ని ముప్పై ఏళ్ళు నిలబెట్టగలడని తెలిస్తే అప్పుడే హీరోని చేసేవాణ్ణి."

పనివాళ్ళు నవ్వేశారు. నేనూ నవ్వాను. మేనకోడలు నవ్వలేదు. "తప్పయింది, క్షమించండి" అని వంగి దణ్ణం పెట్టింది.

"శుక్రవారం ఫోటోకి వస్తావా, రావా?" అన్నారు ఓనరుగారు మావాడితో.

వాడు కూతురి వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావు? నీకు కాళ్ళు లేవా?" అంది అది, వేరే దిక్కు చూస్తూ.

ఆ తరవాత మా ఇంటికి రావడం మానేసింది. శుక్రవారం పొద్దున పదింటికి తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. వాడటు వెళ్ళాడో లేదో నాకు ఫోను. "వెళ్ళాడా?" అంది. మధ్యాహ్నం మళ్ళీ, "వచ్చాడా?" అంది. సాయంత్రం మూడోసారి చేస్తే నేనే విసుక్కున్నాను.

"వచ్చాడే తల్లీ, ఇప్పుడే చెప్పులు విప్పుతున్నాడు. నీ నోరేమన్నా పడిపోయిందా, వాడినే అడగరాదూ?"

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఆఖరికి, "ఇవ్వు" అంది.

తమ్ముడు ఫోను పట్టుకుని గుమ్మం బయటికి వెళ్ళాడు. ముందు ఊ, ఆ తప్ప ఏమీ వినిపించలేదు. తరవాత పిడుగు నడుం ఇప్పుడెలా ఉందో, పరదేశికి ఎంతమంది మనవలో చెప్పడం మొదలెట్టాడు. టీ పెట్టిచ్చాను, చల్లారింది. మళ్ళీ వేడి చేశాను, మళ్ళీ చల్లారింది. చీకటి పడుతుండగా తలుపులోంచి తల దూర్చాడు.

"అక్కా, నీతో కూడా మాట్లాడాలా వద్దా అని అడుగుతోంది."

"అది నీతో అడిగించడమేంటి? ఇలా ఇవ్వు ఫోను" అన్నాను.