టీచరమ్మ ఒప్పుకోని దారి

ఐదేళ్ల కిందటి పరుగులో అందరికంటే ముందు వచ్చింది నేను. ఆ మాట టీచరమ్మ ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఇక ఒప్పుకోదు. పోయిన మంగళవారం పొద్దున నేను దొడ్లోంచి గొర్రెలను వదులుతుంటే, మిర్యాలగూడలో డిగ్రీ చదివే నా మనవరాలు ఫోన్ చేసింది. "తాతా, టీచరమ్మ పోయింది" అంది. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. గొర్రెలు వాటంతట అవే దారి పట్టి పోయాయి.

ఆమె కోదాడలో లెక్కల టీచరమ్మ. రిటైరయ్యాక చిలుకూరు, నేరేడుచర్ల వైపు ఊళ్లలో పదో తరగతి తప్పిన పిల్లలను పోగుచేసి, తన ఇంటి వసారాలో మళ్లీ చదువు చెప్పేది. వాళ్ల పుస్తకాల కోసం ఏటా చలికాలంలో ఒక ఆదివారం పరుగు పెట్టించేది. పరుగెత్తలేనివాళ్లు గంట ముందే బయలుదేరి నడవొచ్చు. డాక్టర్లు, మిల్లు సేట్లు చందా ఇచ్చి, తెల్ల బనియన్లు తొడుక్కుని వచ్చేవారు. ఆ పిల్లలు కూడా వాళ్లతోపాటు రోడ్డు మీద నడవాలి. అది ఆమె పెట్టిన షరతు.

చీర కట్టి, కింద గుడ్డ బూట్లు వేసుకునేది. ఎవరు ఎదురైనా బాగున్నారా అని అడగదు. ఇవాళ ఎంత దూరం నడిచారు అని అడిగేది. నేను మైళ్లలో చెబితే వేళ్ల మీద లెక్కేసి కిలోమీటర్లలో తిరిగి చెప్పేది, నాకు ఎందుకూ పనికిరాకపోయినా. పిల్లలు లెక్క తప్పు చేస్తే చెరపనిచ్చేది కాదు. దాని మీద ఒక్క గీత కొట్టి, కింద మళ్లీ చేయమనేది. ఎక్కడ తప్పామో కనపడాలి కదా అనేది. నేను రెండో తరగతి దాటనివాణ్ని. అయినా ఆ మాట నాకు ఎక్కింది.

ఆ ఏడాది నా మనవరాలు లెక్కల్లో తప్పింది. రెండు నెలలు గడప దాటలేదు. టీచరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. పరుగు రోజున దాని తోడు నేను నడిచాను. చేతిలో కర్ర, భుజాన గొంగడి. కోదాడ పొలిమేరకు రాగానే అది నా పక్కకు జరిగి, "తాతా, బస్టాండు కాడ నా దోస్తులుంటరు" అంది. అంతే. నాకు అర్థమైంది.

నేను సాగర్ కాలువ గట్టు వైపు కర్ర తిప్పాను. "గిట్ల దగ్గరైతది" అన్నాను. వెనక చూస్తే తప్పిన పిల్లలందరూ నా వెంటే వస్తున్నారు. ఇరవై ముగ్గురు.

ఆ పొద్దు నిజంగా జరిగిందా, నేను కలగన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. గట్టు మీద అంత మంచు నేను నా బతుకులో చూడలేదు. ముందు నడిచేవాడి వీపు వెనకవాడికి కనపడదు. కింద కాలువ నీళ్లు కదులుతున్న చప్పుడు. ఎక్కడో కొంగలు లేచిన రెక్కల చప్పుడు. జారతారని నేను ఒకరి బనియను ఒకరిని పట్టుకోమన్నాను. నా గొంగడి కొస మనవరాలి చేతిలో ఉంది. కాళ్లు నేల మీద ఉన్నాయో, మబ్బులో ఉన్నాయో తెలియదు. అప్పుడు వెనక నుంచి ఎవరో పిల్లవాడు మెల్లగా అన్నాడు.

"నీకెన్ని తప్పినయ్?"

"మూడు. నీకు?"

"ఒకటే. ఇంగ్లీషు."

"ఒక్కదానికే గింత పరేషానైతున్నవా?"

ఎవరో నవ్వారు. మరొకరు తనకు అన్నీ తప్పాయని చెప్పారు. ఇంకొకరు మా నాయన నాతో మాట్లాడడు అన్నారు. ముఖాలు లేవు, గొంతులే. ఆఖరికి నా వెనకే, నా మనవరాలి గొంతు. "నాకు లెక్కలు" అంది. తప్పిన నాటి నుంచి ఆ ముక్క దాని నోట మేము వినలేదు.

మేము బడి మైదానం చేరి మజ్జిగ తాగుతుంటే, అప్పుడు వచ్చారు పరుగెత్తేవాళ్లు, రొప్పుకుంటూ. నేను మీసం దువ్వాను. టీచరమ్మ మా చెప్పుల బురద చూసింది.

"అన్నా, పిల్లల్ని దారిలో ఎవరు చూశారు?"

"ఎవ్వలు సూడలే. సూడొద్దనే గద."

"చూడాలనే నేను నడిపించింది" అంది. మైకులో మా పేర్లు చదవలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. దారి దగ్గర చేయడం తప్పెట్లా అవుతుందని ఐదేళ్లు పోట్లాడాను. ఆమె నవ్వి ఊరుకునేది. మంచులో విన్న మాటలు మాత్రం ఆమెకు చెప్పలేదు. పంతం.

మరుసటి ఏడు ఆమే పిల్లల ముందు నడిచింది. బస్టాండు దగ్గర చాయ్ కొట్టు ఆయన ఎవరీ పిల్లలని అడిగితే, నలుగురికీ వినబడేట్టు, "పదో తరగతి తప్పారు, మళ్లీ రాస్తారు" అంది. పిల్లల తలలు వంగిపోయాయి. ఆయన చేతిలో గిన్నె కింద పెట్టి, తాను కూడా తప్పినవాణ్నేనని చెప్పి చప్పట్లు కొట్టాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లూ అందుకున్నారు. వంగిన తలలు ఒక్కొక్కటే లేవడం నేను చూశాను. చూసి కూడా ఆమెది ఒప్పని అనలేదు.

పోయిన నెల సూర్యాపేట దవాఖానలో ఉన్న టీచరమ్మను చూడబోయాను. మంచం మీద సగం అయిపోయింది. ఇవాళ ఎంత నడిచారన్నా అని అడిగింది. బస్సు దిగి ఇక్కడిదాకా, ఇంతే అన్నాను. అప్పుడు చెప్పాను మంచు సంగతి, ఏ గొంతు ఏమందో అన్నీ. కళ్లు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకున్నాను.

"ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదన్నా?" అంది. కొంచెం ఆగి, "అయితే ఈసారి ముందు గట్టు మీద నడిపిద్దాం. వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు. ఆ తర్వాత బజారు. గట్టు మీద మీరుండాలి" అంది. సరేనన్నాను. అదే ఆఖరు.

ఇప్పుడు చందాలిచ్చే పరుగు కమిటీ పెద్దలు ఈ ఏడు గట్టూ వద్దు, రోడ్డూ వద్దు, లారీలు ఎక్కువయ్యాయి, మైదానంలోనే షామియానా చుట్టూ నాలుగు చుట్లు తిప్పుదామంటున్నారట. నలుగురి కంట పడకుండా చుట్లు తిరగడానికైతే ఆ పిల్లలు ఇళ్లలోనే ఉండొచ్చు. ఈ ఏడు తప్పినవాళ్లు పద్దెనిమిది మంది ఉన్నారు. పొద్దున్నే గట్టు మీద వాళ్ల ముందు నేనుంటాను. ఆమె లేదు, మరి బజారులో వాళ్ల ముందు ఎవరుంటారు? వచ్చే ఆదివారం టీచరమ్మ వసారాలో కూర్చుంటాను. ఆమెను ఎరిగినవాళ్లు ఎవరైనా పొద్దుగూకే లోపల వచ్చి, బజారులో నడుస్తారో లేదో నా ముఖం మీద చెప్పండి.